అద్దె కారులో తోడు కోడి

చచ్చిన మనిషి కారులోంచి కోడి అరిచింది.

మొదటిసారి అరిచినప్పుడు ఎస్సై లక్ష్మీరాజం నా మొహం చూశాడు. నేను అతని మొహం చూశాను. ఇద్దరం విననట్టే నిలబడ్డాం. మే నెల మధ్యాహ్నం. కాకివాగులో ఆకు కదలడం లేదు. మా కాళ్ళ దగ్గర రోడ్డు తెగినట్టు ఆగిపోతుంది. దాని కింద తాటిచెట్టంత లోతులో, ముక్కు నీటిగుంటలో పెట్టి, వెనక చక్రాలు పైకెత్తి ఆకుపచ్చ ల్యాండ్‌మాస్టర్ కారు నిలబడి ఉంది.

"ఆదివారం నుంచి గట్లనే అరుస్తున్నదట సార్," అన్నాడు జీపు డ్రైవరు గొంతు తగ్గించి. "ఊరోళ్ళు గీ దిక్కు మేకలు కూడ తోలుతలేరు. అంతయ్యనే అరుస్తుండు అంటున్నరు."

"అంతయ్య బతికున్నప్పుడు మనిషి లెక్క మాట్లాడేటోడు. సచ్చినంక కోడి లెక్క ఎందుకు కూస్తడురా?" అన్నాడు లక్ష్మీరాజం. నవ్వబోయాడు కాని నవ్వు రాలేదు.

నేను పదిహేనేళ్ళు మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం చేశాను. ఇప్పుడు ఒక బీమా కంపెనీకి మోటారు ప్రమాదాలు విచారించి పెడుతున్నాను. సరుకు మారింది గాని పని మారలేదు. బస్తా మూతి దగ్గర ఉన్న కొమ్ములు చూసి ధర కట్టేవాడు మునుగుతాడు. చెయ్యి అడుగుదాకా పోవాలి.

ఈ బస్తా మూతి దగ్గర సరుకు మాత్రం చూడ్డానికి చక్కగా ఉంది. అంతయ్య బీడీలు చుట్టే తునికాకు కంట్రాక్టరు. సొంత కారు లేదు. ఆకు కోతల కాలంలో ఆకు ఆరబెట్టే కల్లాల వెంట తిరగాలి కాబట్టి మంచిర్యాలలో ఒక కారు అద్దెకు తీసుకున్నాడు. డ్రైవరు వద్దు, నేనే నడుపుకుంటానన్నాడు. పట్టాళంలో లారీ నడిపిన మనిషి. అలా పరాయి బండి నడిపేవాళ్ళ కోసం మా కంపెనీ ఆ ఏడాదే, అంటే అరవై నాలుగులో, ఒక పాలసీ తెచ్చింది. బండి నీది కాకపోయినా సరే, అది నీ చేతిలో ఉన్నన్నాళ్ళు దానికి దెబ్బ తగిలితే మేం కడతాం. ఎవరినైనా గుద్దితే మేం కడతాం. స్టీరింగు ముందు నువ్వే పోతే నీ వాళ్ళకు ఇరవై వేలు. ఒకటే షరతు, తప్పు నడిపినవాడిది కాకూడదు. తాగి నడిపినా, నిద్రపోయి నడిపినా పైసా రాదు.

ఆదివారం తెల్లవారకముందు కారు వాగులో పడింది. స్టీరింగు మీద శవం ఉంది. తల గుర్తుపట్టరానంతగా నలిగిపోయింది. తమ్ముడు కొమురెల్లి వచ్చి బట్టలు చూసి, ఉంగరం చూసి, మా అన్నే అన్నాడు. ఆ పొద్దు గూకేలోపే కాలబెట్టారు. వెనక చక్రానికి పోయే బ్రేకు పైపు నట్టు వదులుగా ఉందని లక్ష్మీరాజం పట్టుకున్నాడు. ఇంకేముంది, తప్పు నడిపినవాడిది కాదు, ఆ వారమే కారుకు సర్వీసు చేసిన మెకానిక్కుది.

ఆ మెకానిక్కు పేరు పౌలు. ఇప్పుడు మా వెనక జీపులో, సీటు కమ్మీకి బేడీతో కట్టేసి ఉన్నాడు. సాయంత్రంలోపు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. మనిషి ప్రాణం పోయిన కేసు, జైలు తప్పదు. పొద్దున స్టేషను మెట్ల మీద అతని భార్య ఆనందమ్మ నాకు ఎదురైంది. నిండు నెలల మనిషి. ఏడవలేదు.

"దేవుని తోడు సేటూ, ఆయన బైబిలు పట్టుకునే ముందు చేతులు కడుగుతడు, పానా పట్టుకునే ముందు కూడ కడుగుతడు. గసొంటి మనిషి నట్టు వదులుగ పెడ్తడా? జర నువ్వు చూడు," అంది.

చూడటానికే వచ్చాను. లక్ష్మీరాజానికి మాత్రం నేను రావడమే గిట్టలేదు.

"కేసు అయిపోయింది సేటూ. నడిపినోని తప్పని తేలితే నీ కంపెనీకి ఇరవై వేలు మిగులుతయి. గందుకే గీ ఎండల నన్ను తిప్పుతున్నవ్."

"మిగిలితే మంచిదే ఎస్సై సాబ్. నష్టానికి నౌకరీ ఎవలు చేస్తరు? కాని నీకేం మిగులుతదో అది కూడ చూసుకో. రేపు కోర్టుల నట్టు సంగతి తిరగబడితే నీ టోపీ మీద పడ్తది."

"బెదిరిస్తున్నవా?"

"బేరం చెప్తున్న."

ఒడ్డు మీద మేకల కాపరి మల్లన్న గొంగడి నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. కారు పడిన వేళ దగ్గర్లో పడుకున్నది అతనొక్కడే. నేను పక్కన కూర్చుని చుట్ట ఇచ్చాను.

"ఏం విన్నవ్ మల్లన్నా?"

"బండచ్చిన సప్పుడైంది. ఆగింది."

"ఆగిందా? పడలే?"

"ఆగింది సేటూ. ఒక తలుపు సప్పుడు. జరంతసేపు ఎవలో బరువు గుంజుతున్నట్టు రొప్పుడు. మల్ల ఇంకో తలుపు సప్పుడు. కోడి అరిచింది. గప్పుడు పడ్డది ధడేల్‌మని. కోడి మాత్రం ఇంక అరుస్తనే ఉన్నది." అతను చుట్ట అంటించుకోలేదు. చెవి వెనక పెట్టుకున్నాడు. "నేను లేచి ఉరికిన. దేవుని గుడి దాక ఎనకకు చూడలే."

"ముందుగల్ల ఎందుకు చెప్పలేదురా?" అని గద్దించాడు లక్ష్మీరాజం.

"చెప్పనీకే వస్తి సారూ. తాగినవా అని మీరే ఎల్లగొడ్తిరి."

లక్ష్మీరాజం బూటుతో ఒక రాయిని వాగులోకి తన్నాడు. అది కారు పైకప్పు మీద పడి ధబ్బున మోగింది. వెంటనే కింది నుంచి కోడి అరిచింది. ఈసారి ఆపకుండా, గొంతు జీరపోయేలా అరిచింది.

నేను దిగాను. అతను కూడా దిగక తప్పలేదు.

కారు ఎడమ పక్క ఒడ్డుకు ఆనుకుని ఉంది. పోలీసులు కుడి తలుపు తెరిచి శవాన్ని లాగారు, అటే వెళ్ళిపోయారు. ఎడమ పక్కకు ఎవరూ పోలేదు. నేను ఒడ్డుకూ కారుకూ మధ్య ఉన్న సందులో దూరాను. చల్లగా ఉంది. ఆ ఎండలో అంత చల్లదనం నాకు నచ్చలేదు. ముందు తలుపు అద్దం దించి ఉంది. అద్దం తిప్పే పిడికి ఒక గుడ్డపేలిక కట్టి ఉంది. పేలిక కిటికీలోంచి బయటికి వేలాడి, కారు కిందికి పోయింది. నేను పట్టుకుని మెల్లగా లాగాను. అవతలి నుంచి ఏదో నన్ను లాగింది.

నల్ల కోడిపెట్ట. ఒక కాలికి పేలిక. పక్కనే నీటిగుంట ఉండబట్టి ఇన్నాళ్ళు బతికింది. ఒళ్ళంతా బురద, కళ్ళు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

"హత్తెరీ! గింతేనా?" లక్ష్మీరాజం గట్టిగా ఊపిరి వదిలాడు. "ఐతారం కూరకు కోడిని కొనుక్కపోతుండు పాపం. గిదేనా నీ దయ్యం?"

నేను పేలికను చేతి మీద పరిచాను. కొత్త తెల్లగుడ్డ చింపి, పసుపులో ముంచి ఆరబెట్టిన పేలిక.

"కూరకు కొన్న కోడిని రెండు కాళ్ళు కట్టి డిక్కీల పడేస్తరు ఎస్సై సాబ్. పసుపు పేలికతోని ఒక్క కాలికి కట్టి ముందటి సీట్ల ఎవలు కూసోబెడ్తరు?"

లక్ష్మీరాజం ఒక అడుగు వెనక్కి వేశాడు. అతనూ ఈ దిక్కు మనిషే. చెప్పాల్సిన పని లేదు. మా దగ్గర శనివారం పోయిన మనిషి ఒంటరిగా పోడని భయం. తోడు వెతుక్కుంటాడు. చేతికందిన వాణ్ణి తీసుకుపోతాడు. అందుకని పాడెకు బతికున్న కోడిని కట్టి పంపుతారు, నీ తోడు ఇదిగో, మమ్మల్ని వదిలెయ్ అని. మిగతా వారాల్లో ఎవరూ కట్టరు. శనివారం శవానికే కడతారు.

"కారు పడ్డది ఐతారం," అన్నాడు లక్ష్మీరాజం.

"కోడిని కట్టింది శనివారం శవానికి. అంటే గీ మనిషి బండెక్కక ముందే సచ్చిండు. గీ ఎడమ సీట్ల, కోడి పక్కన కూసోని ఇక్కడిదాక వచ్చిండు. ఇక్కడ ఆపిన్రు. కుడి సీట్లకు గుంజిన్రు. మల్లన్న విన్న రొప్పుడు అదే. తర్వాత నూకిన్రు."

కుడి తలుపులోంచి తల పెట్టి గేరు చూశాను. న్యూట్రల్లో ఉంది. పరుగెత్తే బండి న్యూట్రల్లో వాగులో పడదు. తర్వాత ఒడ్డు మీదున్న పౌలును కేకేసి అడిగాను.

"పౌలూ! బ్రేకాయిల్ డబ్బ యాడుంటది?"

"డ్రైవరు కాళ్ళ కింద రేకు తియ్యుండ్రి సేటూ! మూత ఉంటది!"

"నట్టు వదులైతే ఎంత దూరం పోతది?"

"వదులైతే బ్రేకు తొక్కినప్పుడల్ల చిమ్ముతది. మంచిర్యాల కెల్లి ఇక్కడికొచ్చేసరికి డబ్బల సుక్క మిగలది!"

రేకు తీశాను. మూత తీశాను. వేలు పెట్టాను. డబ్బా నిండా ఆయిలే. నట్టు వదులు చేశాక ఆ బ్రేకును ఎవరూ ఒక్కసారి కూడా తొక్కలేదు. నేను తడి వేలు లక్ష్మీరాజానికి చూపించాను. అతను కూడా వంగి తన వేలు ముంచి చూసుకున్నాడు.

"నడిపినోని తప్పు కాకుంటెనే పైసలొస్తయి. గందుకు ఇంకొకని తప్పు కావాలె. పౌలు దొరికిండు," అన్నాను. "ఇంకో లెక్క చూడు. సొంత బండిని ముంచితే సొంత సొమ్ము మునుగుతది. అద్దె బండికి గా బాధ లేదు. పోయేది పరాయోనిది, వచ్చేది మనది."

"అయితే శనివారమే అంతయ్య సచ్చిండు. తమ్ముడు పైసలకు ఆశపడి పీనుగను తెచ్చి ఇక్కడ పడేసిండు. గంతే గద?"

"గంతే అనిపిస్తున్నది."

"అనిపిస్తున్నది ఏంది?"

"సరుకు తూగుతలేదు సాబ్. జర కొమురెల్లిని ఒక మాట అడగాలె."

లక్ష్మీరాజం టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "అడుగు. కాని పొద్దుగూకే లోపల నా చేతికి గట్టి మాట దొరకకుంటె పౌలు కోర్టుకే పోతడు. కోడిని చూపిచ్చి ముద్దాయిని వదిలిన ఎస్సై అని నన్ను జిల్లా అంత నవ్వుతది."

అంతయ్య ఇల్లు వాగుకు రెండు మైళ్ళు. జీపులో పౌలు పక్కన నేను, నా ఒళ్ళో కోడి. దారిలో అది ఒక్కసారి కూడా అరవలేదు. మెడ తిప్పి పౌలునే చూస్తూ కూర్చుంది. పౌలు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"దాన్ని యాడనన్న వదిలెయ్యి సేటూ," అన్నాడు. "నాకు గసొంటి నమ్మకాలు లేవు. అయినా వదిలెయ్యి."

జీపును వాకిలి ముందు నీడలో ఆపారు. పౌలును అందులోనే ఉంచి మేం లోపలికి పోయాం. డ్రైవరు కూడా తాళంచెవి బండికే వదిలేసి, మంచినీళ్ళకని మా వెంట వచ్చాడు. చావు ఇల్లు, అయినా చుట్టాలు లేరు. కూడు పెట్టేవాళ్ళు లేక మధ్యాహ్నమే మూటలు సర్దుకుని పోయారట. వాకిట్లో ముసలి తల్లి లస్మవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పాలసీ డబ్బు ముట్టేది ఆమెకే, వేలిముద్ర ఆమెదే. ఇంటి వెనక, దొడ్డి దాటాక, ఆకు కట్టలు దాచే రేకుల గోదాము. తలుపుకు బయటి నుంచి గొళ్ళెం పెట్టి ఉంది.

కొమురెల్లి ఎదురొచ్చాడు. నా చంకలో కోడిని చూడగానే ఆగిపోయాడు. అతని చూపు కోడి మీద కాదు, కాలికున్న పేలిక మీద పడింది.

"దా, కూసో," అన్నాను. "నీకు కారు నడపనీకి వస్తదా కొమురెల్లీ?"

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నట్టుంది.

"నాకా? ఎడ్లబండి తప్ప ఏం రాదు సేటూ. అన్న నేర్పిస్త అంటె ఒక్కనాడు ఎక్కిన. పేడకుప్పల పెట్టిన. ఊరంత నవ్వింది. కావాలంటె ఎవల్నన్న అడుగుండ్రి."

"ఊళ్ళె ఇంకెవలికన్న వస్తదా?"

"ఎవలికొస్తది? అన్న ఒక్కనికే."

"నిజమే చెప్తున్నవా?"

"అవ్వ మీద ఒట్టు."

నేను కోడిని నేల మీద దించాను. పేలిక చివర నా చేతిలోనే ఉంది.

"ఎస్సై సాబ్, ఇప్పుడు తూచు. కారు పీనుగతోని వాగు దాక వచ్చింది. దానంతట అది రాదు. ఎవలో తోలిన్రు. శనివారం పీనుగ పక్కన కూసోని తోలెటోనికే తోడు భయం. గందుకే కోడిని కట్టుకున్నడు. వాగుల నూకినంక కూడ ఇప్పలే, ఇప్పితే సచ్చినోడు తన ఎంబడే వస్తడని. ఊళ్ళె కారు తోలొచ్చేది ఒక్క అంతయ్యకే అని తమ్ముడే ఒట్టు పెట్టిండు. మరి సీట్ల కూసోని తోలినోడు అంతయ్య అయితే, పక్క సీట్ల పీనుగ ఎవలిది?"

చెంబు నోటి దగ్గర పెట్టుకున్న జీపు డ్రైవరు దాన్ని మెల్లగా దించాడు.

"సార్... బుచ్చవ్వ," అన్నాడు. "కల్లం కావలి బక్కయ్య పెండ్లాం. మొగడు జరంతోని కల్లంల పండిండు, ఇంటికి రాలేదని ఐతారం ఏడ్సుకుంట ఠాణకచ్చింది. మీరు మల్ల రమ్మంటిరి."

లక్ష్మీరాజం కొమురెల్లి కాలరు పట్టుకున్నాడు. "బక్కయ్యను చంపిన్రార్రా?"

"చంపలే సారూ! జరమొచ్చి శనివారం వాడే పోయిండు! ఏ దేవుని మీదనన్న ఒట్టు, మేం చెయ్యి కూడ పెట్టలే..."

మాట సగంలోనే నోరు మూసుకున్నాడు. కాని మాట వాకిట్లో పడిపోయింది. ఇంక ఏరుకోవడానికి లేదు.

గోడ దగ్గర లస్మవ్వ లేచి నిలబడింది.

"ఏమంటున్నవ్ చిన్నోడా?" గొంతు గాలిలా వచ్చింది. "అయితే పెద్దోడు..."

"అవ్వా, నువ్వు లోపటికి పో," అన్నాడు కొమురెల్లి.

"మొన్న చీకటితోని పిలిచిండు. అవ్వా అని. నువ్వు నా నోరు మూసినవ్. సచ్చినోడు పిలుస్తుండు, పలికితే తీస్కపోతడు అన్నవ్. నిన్న పిలిచిండు. చెవులల్ల గుడ్డలు పెట్టుకొని పండుకున్న." ఆమె నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. "ఇయ్యాల పొద్దుగాల మల్ల పిలిచిండు సేటూ. దొడ్డి దిక్కు కెల్లి. పోతే పోదునని పలికిన. కడుపుల పుట్టిన కొడుకు, తీస్కపోతే పోదును. ఆకలైతుందవ్వా, జరంత జొన్న గటక పెట్టు అన్నడు."

"అవ్వా!" అని అరిచాడు కొమురెల్లి.

"ముంతల పోసి గోదాము రేకుల సందుకెల్లి పెట్టిన. చెయ్యి అందుకున్నది. ఎచ్చగున్నది సేటూ గా చెయ్యి." ఆమె మా అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "దయ్యానికి చెయ్యి ఎచ్చగుంటదా?"

లక్ష్మీరాజం పిస్తోలు తీసి దొడ్డివైపు పరుగెత్తాడు. వెనక నేను, నా వెనక డ్రైవరు. గొళ్ళెం లాగి తలుపు తన్నాడు. లోపల పైకప్పు దాకా ఆకు కట్టలు, ఊపిరాడనివ్వని ఎండుటాకు వాసన. కట్టల మధ్య మనిషి పట్టేంత గూడు, అందులో చాప, ఖాళీ ముంత. ముంత అంచున గటక ఇంకా తడిగానే ఉంది. వెనక గోడకు ఒక రేకు ఊడదీసి ఉంది. దానిలోంచి ఎండ లోపలికి కత్తిలా పడుతోంది.

"మనం వాకిట్ల మాట్లాడింది మొత్తం విన్నడు," అన్నాను.

"యాడికి పోతడు? అడివి అంత నాకు తెలుసు. నడిచి ఎంత దూరం పోతడు?"

"నడుస్తడా?"

నేను ఆ మాట అంటుండగానే ఇంటి ముందు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. ఒకసారి గొణిగింది. రెండోసారి అందుకుంది. గేరు చెయ్యి తిరిగినవాడి చేతిలో పడ్డట్టు మెత్తగా పడింది.

పరుగెత్తుకుంటూ వాకిలి దాటేసరికి నీడలో జీపు లేదు. వాగు దారిలో ఎర్రటి దుమ్ము గోడలా లేచి ఉంది. ఆ దుమ్ములోంచి పౌలు గొంతు ఒక్కసారి వినిపించింది, ఆనందమ్మ పేరు. తర్వాత ఇంజను మోతే మిగిలింది.

బేడీల్లో ఉన్న పౌలును వదిలేస్తే, ఆ పొద్దు ఆ ఊళ్ళో బండి నడపగలిగినవాళ్ళు నలుగురు. ఎస్సై, అతని డ్రైవరు, నేను, ముగ్గురం ఖాళీ చేతులతో రోడ్డు మీద నిలబడి ఉన్నాం. నాలుగోవాడు వాగువైపు పోతున్నాడు. అంతయ్య బతికున్నాడని కళ్ళారా చూసిన ఒకే ఒక్క బయటి సాక్షి పౌలు, జీపు కమ్మీకి బేడీతో కట్టేసి, అతని వెనక సీట్లోనే ఉన్నాడు.